బానెట్ మీద అలికిన గీతలు

మా వాళ్ళలో ఎవరింట్లో పెళ్ళి జరిగినా, గృహప్రవేశం జరిగినా, భోజనాలయ్యాక మా చెల్లెలు ఒక కథ చెబుతుంది. కర్నూలులో కాపురముండే ఈ చెల్లెలికి నా నోటి గురించి నలుగురికీ చెప్పుకోవడం మహా సరదా. అక్క కొత్త కారును కడపలో పాలిష్‌కిచ్చిందట. ఎవడో పనిరానివాడు బానెట్ నిండా గీతలు పెట్టి పంపించాడట. అక్క షెడ్డు నడుమ నిలబడి కడిగి పారేస్తే వాడు గజగజ వణికిపోయి, చేతులు జోడించి, తప్పయిందని ఒప్పుకుని, కారును అద్దంలాగా చేసి ఇచ్చాడట. అందరూ నవ్వుతారు. చెల్లెలి మొగుడు, “వదినా, ఒకసారి మా ఆఫీసుకు గూడా వచ్చి నోరు తెరిచి పో” అంటాడు. నేనూ నవ్వుతాను. నాలుగేళ్ళుగా నవ్వాను.

ఆ కథలో నేను షెడ్డు నడుమ నిలబడి అరిచిన మాట తప్ప తక్కింది చాలావరకు అబద్ధం. కారు కొత్తది కాదు, ఇంకొకరు ఆరేళ్ళు వాడి అమ్మిన నల్ల కారు. ఆయన “ఎవడో” కాదు, నాకంటే పదేళ్ళు పెద్ద. వణకలేదు. చేతులు జోడించలేదు. పనిరానివాడా! కడపలో డాక్టర్లు తమ కార్లను ఆయన చేతికి తప్ప ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు కాదు. ఇక గీతలంటారా, అవి ఆయన పెట్టినవి కావు.

మా ఆయన మంగంపేటలో ముగ్గురాయి గనుల దగ్గర లారీల లోడింగు చూసే ఉద్యోగం చేస్తాడు. సోమవారం పోతే శనివారం వస్తాడు. ఆ నల్ల కారు కొన్నాక ఆరు నెలలు దాంట్లోనే పోయి వచ్చాడు. నేను ముందే చెప్పాను, తెల్లది కొనమని. ఆ దుమ్ములోకి నల్ల కారేసుకుని పోయేవాణ్ణి ఏమనాలి? ఆరు నెలలకు కారు మీద బూడిద రంగు పొర కట్టింది. కడిగితే పోలేదు. షాంపూ పెట్టి తోమినా పోలేదు. తడి ఆరేదాకా నల్లగా ఉండేది, ఆరగానే మళ్ళీ పాలిపోయినట్టు కనిపించేది. చేత్తో తడిమితే గరగరమనేది. అప్పుడు ఎవరో చెబితే బైపాస్ రోడ్డు పక్కన ఉన్న ఒక రేకుల షెడ్డుకు తీసుకుపోయాం.

షెడ్డు ముందర కార్లు కడిగే గుంత. లోపల పరదాలు కట్టిన ఒక గది, గోడల నిండా ట్యూబ్‌లైట్లు. ఆ లోపలి గదిలో పనిచేసే ఆయన్ను అందరూ భాయ్ అనేవాళ్ళు. పొట్టిగా కత్తిరించిన నెరిసిన గడ్డం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. అంతకుముందు ఇరవై ఏళ్ళు లారీలకు రంగులు వేశాడట. పని మొదలుపెట్టే ముందు చేతి గడియారం, ఉంగరం, బెల్టు తీసి ఒక డబ్బాలో పెట్టాడు. ఎందుకని అడిగితే, “బండికి తగిలితే గీత పడతాదమ్మా” అన్నాడు. తర్వాత ఇంకో డబ్బాలో నుంచి సబ్బుబిళ్ళంత నీలం ముద్ద ఒకటి తీసి రెండు చేతులతో పిసకడం మొదలుపెట్టాడు.

“అదేంది భాయ్?” అన్నాను.

“క్లే అంటారమ్మా. ఒక తీరు బంకమట్టి.”

“దుమ్ము పోగొట్టమని తెస్తే మళ్ళా మట్టేనా పూసేది?”

“పూసేది కాదమ్మా, లాగేది. పెయింటులో దిగబడింది గదా దుమ్ము, దాన్ని ఇది పట్టుకుని బయటికి లాగుతాది.”

“ముగ్గురాయంటే బేరియం సల్ఫేటు. నీళ్ళల్లో కరగదు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివినా.”

“కరగదు గదమ్మా. అందుకే ఇది.”

మా ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

భాయ్ ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు నా చేతికిచ్చి, చెయ్యి దాంట్లో పెట్టుకుని బానెట్ మీద తడమమన్నాడు. మామూలు చేతికి తెలియని గరుకు కూడా కవరు తొడిగిన చేతికి తెలిసింది, ఉప్పుకాగితం మీద చెయ్యి పెట్టినట్టు. ఆయన సీసాలోని షాంపూ నీళ్ళు ఒక జానెడు మేర తడిసి కారేలాగా కొట్టాడు. ముద్దను నాలుగు వేళ్ళ కింద పెట్టుకుని, అసలు బరువే పెట్టనట్టు, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు నడిపాడు. చూస్తున్నంత సేపూ ఆయన చెయ్యి ఒక్కసారి కూడా గుండ్రంగా తిరగలేదు. దారం పట్టి గీసినట్టు తిన్నగా పోయేది, వచ్చేది. నాలుగు సార్లు పోయాక ముద్దను తిప్పి చూపించాడు. నీలం మీద బూడిద రంగు. ఆ మురికి లోపలికి పోయేలాగా మడిచి, మళ్ళీ పిసికి, కొత్త ముఖం తీసి, మళ్ళీ నీళ్ళు కొట్టి మొదలు. ఒక్క బానెట్‌కు గంట పట్టింది. అయ్యాక మళ్ళీ కవరు తొడుక్కుని తడిమితే నా చెయ్యి జారిపోయింది.

మా ఆయన కారు చుట్టూ తిరిగాడు. వేళ్ళ చివరలతో బానెట్‌ను తాకి, “ఈయన చేతిలో ఏమో ఉండాది మే. ఇట్లాంటి పని నేను యాడా సూడలేదు” అన్నాడు.

అప్పటికి మా పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. నా వంట తిని గానీ, నేను కుట్టిన చొక్కా తొడుక్కుని గానీ, నేను సర్దిన ఇల్లు చూసి గానీ ఆ మనిషి ఒక్కనాడూ ఆ మాట అనలేదు. నా చేతిలో ఏమీ లేదన్నమాట. ఇంత చిన్న మాటకు అంత కుళ్ళుకున్నానని రాసుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ జరిగింది అదే. ఆ తర్వాత జరిగినదంతా అక్కడి నుంచే మొదలైంది.

“ఆ మిగిలిన ముక్క నాకియ్యి భాయ్, ఇంకమీదట నేనే చేసుకుంటా. సంగటి కలిపే చెయ్యి ఇది, నాకు ముద్దలు కొత్తగాదు” అన్నాను.

ఇంకొకరైతే ఇవ్వకపోదురు. ఆయన ముద్దను సగానికి తుంచి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. “తీసుకోండమ్మా. రెండే మాటలు. నీళ్ళకు ఎనకాడొద్దండి. కింద పడితే మాత్రం పారేయండి. సూసేదానికి శుభ్రంగానే ఉంటాది, నమ్మొద్దండి.”

“పడితే కడుక్కుంటే పోదా?”

“పోదమ్మా. కంటికి కనపడని ఇసక దాంట్లో కూర్చుంటాది. మళ్ళా పిసికితే ఇంకా లోపలికి పోతాది.”

“ఎందుకు పోదు? ఇసక బరువు, నీళ్ళల్లో పెడితే కిందికి దిగాల గదా?” అని ఇంకో పది నిమిషాలు వాదించాను. ఆయన డబ్బాలోని ఉంగరం తీసి తొడుక్కున్నాడు.

కారు అంత బాగా తయారయ్యేసరికి మా ఆయనకు దాన్ని మళ్ళీ మంగంపేట దుమ్ములోకి తీసుకుపోవడానికి మనసు రాలేదు. బస్సుకు పోవడం మొదలుపెట్టాడు. కారు ఇంటి ముందర కవరు కప్పుకుని మహారాణిలాగా నిలబడి ఉండేది. రెండు వారాలు పోయాక, ఒక శుక్రవారం పొద్దున, నేను కవరు తీశాను. శనివారం ఆయన వచ్చేసరికి బానెట్‌ను ఇంకా నున్నగా చేసిపెట్టి, “ఇప్పుడు చెప్పు, ఎవరి చేతిలో ఏముండాదో” అని అడగాలని నా కోరిక.

ఎండాకాలం. మా వీధికి కొళాయి నీళ్ళు మూడు రోజులకొకసారి వచ్చేవి. ఆ పొద్దు ట్యాంకరు రావలసి ఉంది. ఎదురుగా బిందెలు వరుసగా పెట్టుకుని ఆడవాళ్ళు నీడకు నిలబడి ఉన్నారు. వాళ్ళ కళ్ళ ముందర కారుకు బకెట్లు బకెట్లు పోయడానికి నాకు చేతులు రాలేదు. ఎవరికైనా రావు. ఒక చెంబెడు నీళ్ళలో కాస్త షాంపూ కలుపుకుని, చెయ్యి తడుపుకోవడం, ముద్దను తడుపుకోవడం, రుద్దడం. సంగటి ముద్ద చేసేటప్పుడు అంతే కదా, గిన్నెలో చెయ్యి ముంచి తడి అరచేత్తో ముద్దను తిప్పుతాం. ఆ చెంబు నాకు చాలనిపించింది.

నా చెయ్యి కూడా ఆయన చెయ్యిలాగా తిన్నగా పోలేదు. చిన్నప్పుడు కమలాపురం దగ్గర మా పల్లెలో పొద్దున్నే వాకిలి అలికిన చెయ్యి అది. దూరం నుంచి దగ్గరికి, వంపు తిరుగుతూ వస్తుంది. ఎన్నిసార్లు తిన్నగా పెట్టినా దానంతట అదే వంగింది. వంగితే ఏమిలే, మురికి పోతోంది కదా అనుకున్నాను. నిజానికి అప్పటిదాకా ఏ నష్టమూ జరగలేదు.

అప్పుడు ముద్ద చేతిలో నుంచి జారి బండల మీద పడింది.

వీధి దుమ్మంతా వచ్చి చేరే కడప బండలు. వంగి తీసుకున్నాను. ఒక వైపు నాలుగైదు ఇసుక రేణువులు అంటుకుని కనిపించాయి. భాయ్ మాట గుర్తుకు రాలేదని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది. కానీ నేను పెరిగిన ఇంట్లో సంగటి ముద్ద కింద పడితే పారేయడమనేది లేదు. మన్ను అంటిన అడుగు గిల్లి పడేసి, పైది తినాలి. వానలు లేని ఏడాదిలో పుట్టినవాళ్ళకు పారేయడమంటే ఒళ్ళు ఒప్పుకోదు. ఆ లెక్కనే గిల్లాను. మిగిలినదాన్ని అదే చెంబులో జాడించి, బాగా పిసికి, మళ్ళీ బానెట్ మీద పెట్టాను.

సర్రుమని చిన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నేను విన్నాను. విని కూడా రుద్దాను. కుడివైపు అయ్యాక కారు చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు కూడా రుద్దాను.

తుడిచి ఆరనిచ్చాక, ఎండ ఏటవాలుగా పడే చోట నిలబడి చూస్తే తెలిసింది. బానెట్ రెండు పక్కలా వంపులు వంపులుగా సన్న గీతలు, అలికిన వాకిలి ఆరాక వేళ్ళ జాడలు కనిపించినట్టు. తడిగుడ్డతో తుడిచాను. కొబ్బరినూనె రాశాను. పోలేదు. క్లే ముక్కను చెత్తబుట్టలో వేసి, కారు మీద కవరు కప్పి, ఇంట్లోకి వచ్చి పప్పు పొయ్యిమీద పెట్టాను.

ఆదివారం పొద్దున మా ఆయన కవరు తీశాడు. నేను కూడా వెనకనే బయటికి వచ్చాను. ఆయన మొహంలో కోపం ఉండి ఉంటే బాగుండేది. కోపానికి నా దగ్గర ఎప్పుడూ బదులు ఉంటుంది. ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టుకుని, ఇంట్లో ఎవరికో బాగాలేనట్టు నిలబడి ఉన్నాడు.

“ఏంది మే ఇది? ఎవరన్నా ముట్టుకున్నారా?”

“నన్నడుగుతావేమప్పా? మీ భాయ్‌నడుగు పో. చేతిలో ఏమో ఉండాదంటివి గదా!”

ఆ మాట ఆలోచించి అన్నది కాదు. నోట్లో తయారుగా ఉంది, వచ్చేసింది. వచ్చాక దాన్ని నిలబెట్టడానికి ఇంకో నాలుగు మాటలు కావలసి వచ్చాయి. “మైనం పూసి గీతలు కప్పెట్టింటాడు. రెండుసార్లు తుడిచేసరికి మైనం పోయి బయటపడినాయి. ఫోనులో ఎన్ని వీడియోలు లేవు, ఇట్ల మోసం చేసేవాళ్ళ గురించి!” అన్నాను. వీడియోలు నిజంగానే ఉన్నాయి. చదువుకున్నదాని అబద్ధం అట్లాగే ఉంటుంది, దానికి ఆధారాలు కూడా ఉంటాయి.

“వదిలేయ్‌లే. ఇంకోసారి పోయినప్పుడు అడుగుదాం” అన్నాడు మా ఆయన.

వదిలేయవలసింది. ఆయన వదిలేద్దామన్నాడు, నేను వదల్లేదు. ఎందుకంటే వదిలేస్తే ఆయన ఆలోచిస్తూ ఉంటాడు. ఆ వంపులు ఎక్కడో చూసినట్టుందే అని ఒకనాటికి నా దగ్గరికే వస్తాడు. అందుకని అప్పటికప్పుడే కారెక్కించి షెడ్డుకు తీసుకుపోయాను.

ఆదివారం కాబట్టి షెడ్డు నిండా జనం. భాయ్ కోసమని వచ్చిన ఒక డాక్టరు కారు పరదా ముందర నిలబడి ఉంది. షెడ్డు ఓనరు మా అందరికంటే చిన్నవాడు. కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నేను దిగీ దిగగానే మొదలుపెట్టాను.

“ఏమప్పా, ఇదేనా మీ పని? పాలిష్ అంటే గీతలు పెట్టి పైన మైనం పూసి పంపించేదా? ఆడోళ్ళకు కార్ల సంగతి తెలీదనుకుంటిరా? ఇంత బండిని మట్టిబెడ్డ పెట్టి రుద్దినాడు మీ మనిషి, ఎవరైనా మట్టి పెట్టి రుద్దుతారా? రేపు ఆ డాక్టరు గారి కారు గతి గూడా ఇంతేనా?”

డాక్టరు డ్రైవరు వచ్చి మా బానెట్ చూశాడు. చూసి, తన కారు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అది ఓనరు చూశాడు.

“భాయ్, రా ఈడికి!” అని అరిచాడు.

భాయ్ పరదా తీసుకుని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నాకు నమస్కారం పెట్టాడు. నేను పెట్టలేదు. ఆయన బానెట్ మీదికి వంగి, తల పక్కకు పెట్టి, వెలుతురుకు ఎదురుగా చూశాడు. తర్వాత అరచెయ్యి గీతల మీద ఆనించి, అవి పోయిన దారిలోనే మెల్లగా నడిపించాడు. దూరం నుంచి దగ్గరికి, వంపు తిరుగుతూ. రెండు పక్కల గీతలూ బానెట్ నడుమకు చేరకుండా ఒక జానెడు ముందరే ఆగిపోయాయి. నేను పొట్టిదాన్ని, నా చెయ్యి అంతవరకే అందింది. ఆయన చెయ్యి కూడా అక్కడ ఆగింది. తలెత్తి నా మొహంలోకి చూశాడు.

ఆ చూపు ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. ఆయన ఒక్క మాట అడిగితే చాలు, ఆ ముక్క ఏం చేసినారమ్మా అని. దానికి కూడా బదులు ఒకటి తయారు చేసుకునే ఉన్నాను. డబ్బా మూత కూడా తీయలేదని చెబుదామనుకున్నాను.

ఆయన అడగలేదు. ఓనరు వైపు తిరిగి, “నా చెయ్యే జారింది సార్” అన్నాడు. తర్వాత నాతో, “బండి వదిలి పోండమ్మా. సాయంత్రానికి సరిచేసి ఇస్తా” అన్నాడు.

సాయంత్రానికి గీతలు లేవు. ఇంటికి వస్తూ మా ఆయన, “ఆయన అట్ల చేసే మనిషిలాగా కనపడలేదే” అన్నాడు. “ఆయనే ఒప్పుకున్నాడు గదా, ఇంకేంది?” అన్నాను. ఆ సంగతినే వారం తిరక్కుండా ఫోనులో మా చెల్లెలికి చెప్పాను. గజగజ వణకడం, చేతులు జోడించడం ఆ పిల్ల తర్వాత కలుపుకుంది. తక్కిన కథ నేను ఇచ్చిందే.

నెల తర్వాత కారు కడిగించడానికి పోయినప్పుడు పరదా గదిలో ఇంకెవరో పనిచేస్తున్నారు. భాయ్ ముందర గుంతలో ఉన్నాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఒక జీపు అడుగున అట్టకట్టిన బురదను పైపుతో కొడుతున్నాడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి, “బాగుండారామ్మా?” అన్నాడు. నేను ఊ అన్నాను. ఓనరు పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో ఎవరికి అన్యాయం జరిగినా నేనే పోయి మాట్లాడతానని పేరున్నదాన్ని. రేషన్ షాపులో మాట్లాడాను, బ్యాంకులో మాట్లాడాను, బస్సులో కండక్టరుతో మాట్లాడాను. ఆ పొద్దు పది అడుగులు నడిచి ఒక్క మాట చెప్పడానికి నాకు కాళ్ళు రాలేదు. “సీట్ల కింద గూడా దుమ్ము తీయండి” అని మాత్రం చెప్పి వచ్చాను. తర్వాత పోయినప్పుడు ఆయన గుంతలో కూడా లేడు. ఓర్వకల్లు దగ్గర బామ్మర్దితో కలిసి ఏదో పెట్టుకున్నాడట. ఓనరు చెప్పాడు.

పోయిన ఏడాది మా చెల్లెలి కొత్తింటి గృహప్రవేశానికి కర్నూలుకు బయల్దేరాం. నంద్యాల దాటి, ఓర్వకల్లు రాళ్ళగుట్టలు కనబడుతుండగా మా ఆయన కారు నెమ్మది చేశాడు. “మన భాయ్ గదా ఆయన?” రోడ్డు పక్కన నాలుగు రేకులు, ఒక పైపు, ఒక నీళ్ళ తొట్టి. ఆయన ఒక ఆటోను తుడుస్తున్నాడు. మా ఆయన కారు ఆపి, పలకరించి, టీ తెస్తానని రోడ్డు దాటి అంగడికి పోయాడు. నేను దిగాను. ఈసారి కాళ్ళు వచ్చాయి. ఎందుకు వచ్చాయో తెలియదు. బహుశా మా ఆయన రోడ్డుకు అవతల ఉన్నాడు కాబట్టి.

“కారు ఎట్లుండాదమ్మా?” అన్నాడు భాయ్.

“భాయ్, ఆ గీతలు నావి.”

“తెలుసమ్మా.”

“ఎట్ల తెలుసు?” అన్నాను. చూడండి, అప్పుడు కూడా వాదనే.

ఆయన నవ్వాడు. చేతిలోని గుడ్డతో గాలిలో ఒక వంపు గీశాడు. “నా చెయ్యి నాకు తెలీదామ్మా? అవి అలికిన గీతలు. క్లే కింద పడిందా?”

“పడింది.”

“పారేయబుద్ధి కాలేదు.”

“కాలేదు.”

“ఎవరికీ కాదులెండి. మా ఇంట్లో ఆమెకు గూడా కాదు.”

“మరి ఆపొద్దు అందరి ముందర చెప్పొచ్చు గదా? నీ చెయ్యి జారిందని ఎందుకంటివి?”

భాయ్, రోడ్డుకు అవతల గాజు గ్లాసులు పట్టుకుని లారీ పోయేదాకా ఆగి నిలబడ్డ మా ఆయన వైపు చూశాడు. “సార్‌కు చెప్పినారామ్మా?” అన్నాడు.

నేను కొంగు సర్దుకుని రోడ్డు వైపు తిరిగాను.

“సరేలెండి” అని మా కారు అద్దం మీద చచ్చిన పురుగులను తుడవడం మొదలుపెట్టాడు, ఎవరూ చెప్పకుండానే.

మా ఆయన వచ్చి ఆయనకొక గ్లాసు, నాకొక గ్లాసు ఇచ్చి, “ఏంది మాట్లాడుకుంటాండారు?” అన్నాడు. “ఏం లే, ఏ షాంపూ మంచిదని అడుగుతాండా” అన్నాను. భాయ్ వింటుండగానే అన్నాను. ఆయన గ్లాసులోకి చూసుకుంటూ టీ తాగాడు. మొదటి అబద్ధానికంటే ఈ రెండో అబద్ధానికే నాకు ఎక్కువ మంట. మొదటిది నోరు జారితే వచ్చింది. ఇది, భాయ్ దగ్గర తప్పు ఒప్పుకున్న నిమిషానికే ఆయన ఎదుటనే ఆడింది.

కర్నూలులో భోజనాలయ్యాక మా చెల్లెలు మామూలుగానే కథ ఎత్తుకుంది. గజగజ దగ్గరికి వచ్చేసరికి నేను లేచాను.

“ఆపు. ఆ గీతలు పెట్టింది నేను. ఆయన గాదు.”

అందరూ నా వైపు చూశారు. తర్వాత మరిది నవ్వాడు. “వదినకు ఇన్నేళ్ళకు జాలి పుట్టినట్టుండాది.”

“జాలి గాదు. నేనే క్లే కింద పడేసి, మళ్ళా తీసుకుని రుద్దినా.”

“ఊరికే అనకక్కా,” అంది మా చెల్లెలు. “ఆయనే ఒప్పుకున్నాడు గదా!”

నా అబద్ధానికి ఆయన మాటే సాక్ష్యమైంది. నేను నిజం చెప్పినా చెల్లకుండా అదే అడ్డం నిలబడింది. మళ్ళీ ఆకువక్కలు తిరిగాయి, మాట ఇంకెటో పోయింది. నవ్వనిది మా ఆయన ఒక్కడే.

మర్నాడు తిరిగి వస్తూ ఊరు దాటాక అడిగాడు. “నిజమేనా?”

“నిజమే.”

అరుస్తాడేమోనని చూశాను. ఓర్వకల్లులో ఆ రేకుల ముందర కారు ఆపి, తాళంచెవి కూడా తీయకుండా దిగి పోయాడు. నేను దిగాలి. తలుపు పిడి మీద చెయ్యి పెట్టి కూడా దిగలేదు. అద్దంలో నుంచి చూస్తూ కూర్చున్నాను. మా ఆయన భాయ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏమేమో మాట్లాడుకున్నారు. భాయ్ చెయ్యి విడిపించుకుని మా ఆయన భుజం తట్టాడు, మా ఆయనే ఏదో తప్పు చేసినట్టు.

కారెక్కాక, “ఎందుకట్ల ఒప్పుకున్నాడో చెప్పినాడా?” అని అడిగాను.

“అది నువ్వడగాల్సిన మాట. నన్నడిగితే ఎట్ల?” అన్నాడు.

ఇప్పటికి నాతో నేను చాలా వాదించాను. ఓనరుకు భయపడి ఒప్పుకున్నాడా? భయపడేవాడైతే కాదనేవాడు, ఒప్పుకుంటేనే కదా పని పోయేది. చెప్పినా ఎవరూ నమ్మరనుకున్నాడా? కావచ్చు. నమ్మకుండా చేయడానికి నేను సిద్ధంగా నిలబడే ఉన్నాను. మొగుడి ఎదుట ఒక ఆడమనిషి తలదించుకోకూడదనుకున్నాడా? అట్లా అనుకుని ఉంటే, ఆ మర్యాద ఆయన ఇన్నేళ్ళ చేతి పేరును మింగింది. దాన్ని తీసుకోవడానికి నేనెవరిని? ఈ మూడింటిలో ఏదీ నా మనసుకు ఆనడం లేదు. మా ఆయనకు చెప్పాను, చెల్లెలికి చెప్పాను, ఇప్పుడు రాసి అందరికీ చెబుతున్నాను. ఓర్వకల్లుకు పోయే బస్సులు రోజూ ఉన్నాయి. ఒక్కదాన్నే పోయి అడగాలి.

భాయ్, ఆ పొద్దు బానెట్ మీద చెయ్యి పెట్టుకుని తలెత్తి నా మొహం చూసినావే, ఏం కనపడింది నీకు దాంట్లో?